స్టియరిల్ అమైన్‌తో పని: సంచి విప్పడం నుంచి ఖాళీ పీపా దాకా

చేమాకు మీద నీళ్లు చల్లితే ఆకు తడవదు. బొట్లు బొట్లుగా దొర్లి కిందికి జారిపోతాయి. మామూలు ఇనుప రేకుచేత కూడా ఈ పని చేయించవచ్చు. గరుకు కాగితంతో తోమిన రేకు ముక్కను స్టియరిల్ అమైన్ వెయ్యింట ఒక వంతు ఉన్న వెచ్చని ద్రావణంలో పది నిమిషాలు ఉంచి, మంచినీటితో కడిగి, దాని మీద ఒక నీటిబొట్టు వేయండి. ముంచని రేకు మీద బొట్టు పరచుకుపోతుంది. ముంచిన రేకు మీద గుండ్రంగా నిలబడుతుంది. మధ్యలో పొర ఉందని కన్ను పట్టుకోలేదు. లాబొరేటరీలో కొత్తగా చేరినవారికి నేను మొదట చూపించేది ఇదే. ఈ రసాయనం చేసే మేలు, కీడు రెండూ ఆ బొట్టులోనే ఉన్నాయి.

చిన్న కర్మాగారాల్లో, బాయిలరు గదుల్లో, ఎరువులు లేదా తారు ఎమల్షన్ల (నీటిలో సన్నని బిందువులుగా కలిపిన తారు) యూనిట్లలో దీన్ని చేత్తో ముట్టుకునేవారి కోసం రాస్తున్నాను. రసాయన శాస్త్రం చదివే విద్యార్థులకూ పనికొస్తుంది.

మొదటి మెట్టు: తల ఏది, తోక ఏది

పుస్తకాల్లో దీని పేరు ఆక్టాడెసిలమైన్, బాయిలర్ల దగ్గర ఓడీఏ, బజారులో స్టియరిల్ అమైన్. రసాయనాలకు ఇచ్చే గుర్తింపు సంఖ్య, అంటే కాస్ నంబరు, 124-30-1. పేర్లు ఎన్ని మారినా ఈ నంబరు మారదు కాబట్టి కొనేటప్పుడు దీన్నే చూడండి. 18 కార్బన్ల పొడుగాటి గొలుసు, దాని చివర ఒక నైట్రోజన్. గొలుసే తోక. అది కొవ్వు లాంటిది, నీరంటే పడదు. నైట్రోజన్ ఉన్న కొన తల. అది క్షారగుణం కలది. ఆమ్లం తగిలితే ధనావేశం తెచ్చుకుని, రుణావేశం ఉన్న ఏ ఉపరితలాన్నైనా పట్టుకుంటుంది. లోహం దొరికితే దాన్నీ అంటుకుంటుంది. తల పట్టుకుంటుంది, తోక నీటిని తోసేస్తుంది. ఇక ముందు వచ్చే ప్రతి మెట్టులోనూ ఒకే ప్రశ్న వేసుకోండి: ఇక్కడ తల దేన్ని పట్టుకుంటుంది?

అణుభారం 269.5. తెల్లని మైనం లాంటి రేకులు, కొద్దిగా అమోనియా వాసన. 50–54 డిగ్రీల సెల్సియస్ మధ్య కరుగుతుంది, 350 డిగ్రీలకు కాస్త దిగువన మరుగుతుంది. ఫ్లాష్ పాయింట్ (నిప్పు తగిలితే ఆవిరి అంటుకునే వేడి) 150 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది, అంటే పెట్రోలులా భగ్గున అంటుకునే సరుకు కాదు. నీటిలో కరగదు, ఆల్కహాలులో, క్లోరోఫారంలో కరుగుతుంది.

దీని తమ్ముడు 12 కార్బన్ల డోడెసిలమైన్ 28 డిగ్రీల దగ్గరే కరుగుతుంది. డిసెంబరులో పీపాలో గడ్డగా ఉన్నది విజయవాడ మే నెలలో కొబ్బరి నూనెలా తొణుకుతూ ఉంటుంది. సరుకు పాడైందనుకుని తిప్పి పంపబోయినవారిని చూశాను. పాడవలేదు, ఎండ వచ్చింది అంతే. ఇంకో దాయాది ఓలైల్ అమైన్. దానికీ 18 కార్బన్లే, కానీ గొలుసు మధ్యలో ఒక ద్విబంధం ఉంటుంది. ఆ వంపు వల్ల అణువులు దగ్గరగా పేర్చుకోలేక గది వేడికే ద్రవంగా ఉంటుంది.

తయారీ కొవ్వుల నుంచే. స్టియరిక్ ఆమ్లాన్ని అమోనియాతో చర్య జరిపి నైట్రైల్‌గా మార్చి, నికెల్ ఉత్ప్రేరకం మీద హైడ్రోజన్ ఎక్కిస్తారు. ఆ ఆమ్లం పశువుల కొవ్వు నుంచి రావచ్చు, పామాయిలు నుంచి రావచ్చు. మూలం ఏదో తెలియాలనుకునే కొనుగోలుదారులు ముందే రాతపూర్వకంగా అడగడం మంచిది.

రెండో మెట్టు: మీ పనికి ఇదే కావాలా?

ఎరువుల సంగతి ముందు చెబుతాను, అది రైతు దాకా వెళ్లే విషయం. కిందటి ఏడు మిగిలిన కాంప్లెక్స్ ఎరువు సంచిని రోకలితో కొట్టి పగలగొట్టని రైతు ఉండడు. గింజ పైన ఉన్న లవణం తేమ పీల్చుకుని కొద్దిగా కరుగుతుంది. ఆరినప్పుడు పక్క గింజతో కలిపి స్ఫటికపు వంతెన కడుతుంది. అలాంటి వంతెనలు వేలల్లో కలిస్తే సంచి బండరాయవుతుంది. 30 డిగ్రీల దగ్గర గాలిలో తేమ 60 శాతం చేరితే చాలు, అమోనియం నైట్రేటు నీటిని లాగడం మొదలుపెడుతుంది. కాంప్లెక్స్ ఎరువుల కర్మాగారాలున్న విశాఖ, కాకినాడల్లో సముద్రపు గాలికి ఆపాటి తేమ ఎప్పుడూ ఉండేదే. అందుకే కొవ్వు అమైన్లను ఖనిజ నూనెలోనో మైనంలోనో కరిగించి, తిరిగే డ్రమ్ములో వెచ్చని గింజల మీద తుంపరగా చల్లే పద్ధతి ప్రపంచమంతటా ఉంది. తల లవణాన్ని పట్టుకుంటుంది, తోక తేమను దూరంగా ఉంచుతుంది. పూత టన్నుకు ఒకటి రెండు కిలోలకు మించదు.

ఒక హెచ్చరిక. అమోనియం నైట్రేటుకు ఇంటి పద్ధతిలో పూత వేసే ఆలోచన ఎవరికైనా ఉంటే ఇక్కడే వదిలేయండి. అందులో మండే పదార్థం 0.2 శాతం దాటితే అంతర్జాతీయ రవాణా వర్గీకరణలో అది పేలుడు పదార్థాల జాబితాలోకి వెళుతుంది. ఆ పని లైసెన్సు ఉన్న కర్మాగారానిదే.

తారు రోడ్డు కథ కూడా ఇలాంటిదే. మన కంకర ఎక్కువగా గ్రానైటు జాతిది, సిలికా దండిగా ఉన్నది. తడిసిన సిలికా ఉపరితలం రుణావేశంతో ఉంటుంది. దానికి తారు కంటే నీరంటేనే ఇష్టం. వానాకాలంలో నీరు తారు కిందికి దూరి కంకరను విడదీస్తుంది, గుంట పడుతుంది. తారు బిందువులకు అమైన్‌తో ధనావేశం ఇస్తే అవి తడి కంకరను కూడా పట్టుకుంటాయి. మన దేశంలో ఈ కేటయానిక్ ఎమల్షన్లకు ఐఎస్ 8887 ప్రమాణం ఉంది. అయితే ఈ పనికి ఎక్కువగా వాడేది రెండు నైట్రోజన్లున్న డైఅమైన్లను. స్టియరిల్ అమైన్ కొని తెచ్చి తారులో కలిపితే అదే ఫలితం వస్తుందనుకోవద్దు.

ఖనిజాల శుద్ధిలో పొటాష్ లవణాన్ని మామూలు ఉప్పు నుంచి నురుగుతో తేల్చి వేరుచేయడానికి, ఇనుప ఖనిజంలోని సిలికాను తొలగించడానికి ఇలాంటి అమైన్లే సాధనం. బట్టలకు మెత్తదనం ఇచ్చే ద్రవాలకు ఇవి ముడిసరుకు. కలుపు మందుల్లోనూ దూరాయి. గ్లైఫోసేట్ ఆకులోకి దిగడానికి కలిపే, పశువుల కొవ్వు అమైన్ నుంచి చేసే ఎథాక్సిలేటెడ్ టాలో అమైన్‌ను ఐరోపా సమాఖ్య 2016లో గ్లైఫోసేట్ మందుల నుంచి నిషేధించింది. సీసా మీద చురుకైన మందు పేరు ఒక్కటే పెద్దక్షరాల్లో ఉంటుంది. తోడుగా వచ్చినవాటి గురించి ఎవరూ అడగరు.

బాయిలరు వాడకం విడిగా ఏడో మెట్టులో ఉంది.

మూడో మెట్టు: సరుకు దిగిన రోజు

సంచి విప్పకముందే సరుకుతో వచ్చే భద్రతా పత్రం చదవండి. ఐరోపా అధికారిక వర్గీకరణలో దీనికి ఉన్న హెచ్చరికలు ఇవి: మింగితే ఊపిరితిత్తుల్లోకి జారి ప్రాణాంతకం కావచ్చు (హెచ్ 304), చర్మానికి మంట (హెచ్ 315), కంటికి తీవ్రమైన, మానని హాని (హెచ్ 318), పదే పదే లోపలికి వెళితే జీర్ణనాళం, కాలేయం, రోగనిరోధక వ్యవస్థ దెబ్బతినవచ్చు (హెచ్ 373), నీటిలోని జీవులకు దీర్ఘకాలం విషం (హెచ్ 410). "మైనం లాంటిది, ఏమీ కాదు" అని అమ్మేవాడు చెబితే ఈ అయిదూ చదివి వినిపించండి.

తర్వాత సరుకు నాణ్యత. దీనికి అమైన్ విలువ, అంటే సరుకులో అమైన్ ఎంత ఉందో చెప్పే సంఖ్య, చూడాలి. అర గ్రాము నమూనాను కచ్చితంగా తూచి, 50 మిల్లీలీటర్ల ఐసోప్రొపైల్ ఆల్కహాలులో వేడినీటి పాత్ర మీద కరిగించండి. మంట పనికిరాదు, ఆల్కహాలు అంటుకుంటుంది. రంగు మారి సూచన ఇచ్చే బ్రోమోఫినాల్ బ్లూ రెండు మూడు చుక్కలు వేసి, 0.1 నార్మల్ హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో నీలం పోయి పసుపు వచ్చేదాకా చుక్క చుక్కగా కొలుస్తూ కలపండి (దీన్నే టైట్రేట్ చేయడం అంటారు). ఆమ్లం మిల్లీలీటర్లను నార్మాలిటీతో, 56.1తో గుణించి నమూనా బరువుతో భాగిస్తే విలువ వస్తుంది. 18.2 మిల్లీలీటర్లు పట్టిందనుకుందాం: 18.2 × 0.1 × 56.1 ÷ 0.5 = 204.

పూర్తి శుద్ధమైన పదార్థానికి లెక్క ప్రకారం 208 రావాలి. పారిశ్రామిక సరుకులో రెండు వందలు దాటితే సాధారణంగా ఇబ్బంది లేదు. బాగా తగ్గితే రెండు గొలుసులున్న ద్వితీయ అమైన్ ఎక్కువై ఉండాలి, లేదా మూత సరిగా లేక తేమ, కార్బన్ డయాక్సైడు పట్టి ఉండాలి. 215 దాటినా సంతోషించకండి. 16 కార్బన్ల అమైన్ ఎక్కువగా కలిసిందని అర్థం. దాని విలువ 232.

నాలుగో మెట్టు: నిల్వ

మూత గట్టిగా ఉండాలి. గాలిలోని కార్బన్ డయాక్సైడును అమైన్ పట్టుకుని కార్బమేట్‌గా మారుతుంది. రేకుల మీద తెల్లని పొడి పొరలా కనిపించేది అదే. రేకుల షెడ్డు కింద వేసవిలో కరిగే వేడి రాకపోయినా అమైన్ రేకులు ఒకదానికొకటి అంటుకుని ముద్దవుతాయి. అందుకని చల్లని, గాలి ఆడే గది చూడండి. సంచులను ఒకదాని మీద ఒకటి ఎత్తుగా పేర్చవద్దు.

పక్కన ఉండకూడనివి: గాఢ ఆమ్లాలు, బ్లీచింగ్ పొడి, ఇతర ఆక్సీకరణులు, ఐసోసైనేట్లు. వీటితో పాటు సోడియం నైట్రైట్‌ను కూడా దూరం పెట్టండి. తుప్పు నివారణ మందుగా అది చాలా బాయిలరు గదుల్లో ఇదే బీరువాలో ఉంటుంది. సరుకులో కొద్దిగా ఉండే ద్వితీయ అమైన్‌తో అది కలిస్తే క్యాన్సర్ కారక నైట్రోసమైన్లు తయారు కావచ్చు.

రాగి, ఇత్తడి, జస్తం పూత ఉన్న పాత్రలు వాడవద్దు. ఒకసారి స్టోర్లో స్టెయిన్‌లెస్ స్టీలు వాల్వు లేక, "వారం రోజులకే కదా" అని ఇత్తడిది బిగించారు. వారం తిరిగేసరికి కాండం చుట్టూ మయూరకంఠం రంగు పేరుకుంది. విప్పి చూస్తే లోపల సీటు గరుకెక్కి కారుతోంది. తల రాగిని పట్టుకుంది మరి.

అయిదో మెట్టు: కరిగించడం

ప్రమాదాలు ఎక్కువగా జరిగేది ఇక్కడే. కింద పొయ్యి పెట్టి కరిగించే అలవాటు ఇంకా ఉంది. అడుగు కాలిపోతుంది, పైన గడ్డగానే ఉంటుంది. అడుగున కరిగిన ద్రవం దారి లేక గడ్డను చీల్చుకుని పైకి చిమ్ముతుంది. వేడినీటి తొట్టిలో, లేదా నియంత్రణ ఉన్న డ్రమ్ము హీటరుతో 65–70 డిగ్రీల దగ్గర నిదానంగా కరిగించాలి. పీపా అయితే బిరడా ముందే వదులు చేయండి. మూసిన పీపాను వేడి చేయడమంటే బాంబు తయారు చేయడమే. రెండు వందల కిలోల పీపా పూర్తిగా కరగడానికి ఒక పూట కాదు, ఒక రోజే పట్టవచ్చు. ఆ తొందర ముందురోజే పడండి.

వేడెక్కిన పీపా దగ్గర గాలి బాగా ఆడాలి. కళ్లకు చుట్టూ మూసుకునే గాగుల్స్, దాని మీద ముఖ కవచం, నైట్రైల్ చేతితొడుగులు, ఏప్రను, గమ్‌బూట్లు వేసుకోవాలి. తొడుగు అంచు చొక్కా చెయ్యి లోపల ఉండాలా, బయట ఉండాలా అన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది. చెయ్యి కిందికి దించి పోసే పనిలో తొడుగు లోపల, చొక్కా అంచు పైన ఉండాలి. నా ఎడమ మణికట్టు మీద రూపాయి బిళ్లంత మచ్చ ఉంది. తిరగేసి వేసుకున్న రోజుది.

ఆరో మెట్టు: నీటిలోకి దింపడం

అమైన్ నీటిలో కరగదు కాబట్టి ఎసిటిక్ ఆమ్లంతో లవణంగా మార్చి దింపుతాం. ఎంత ఆమ్లం కావాలో అమైన్ విలువే చెబుతుంది. 56,100ను అమైన్ విలువతో భాగించండి. 204 అయితే 275. అంటే 275 గ్రాముల అమైన్‌కు 60 గ్రాముల గ్లేసియల్ ఎసిటిక్ ఆమ్లం. 10 గ్రాములకు 2.2 గ్రాములు.

ఒక లీటరు ఖనిజాలు తీసేసిన నీటిని 65–70 డిగ్రీలకు వేడి చేసి, పొయ్యి మీద నుంచి దించి, అందులో 2.2 గ్రాముల ఆమ్లం కలపండి. కరిగించిన 10 గ్రాముల అమైన్‌ను సన్నని ధారగా, కలుపుతూ పోయండి. క్రమం తిరగేసి, కరిగిన అమైన్‌లో నేరుగా గాఢ ఆమ్లం పోసేవారున్నారు. గ్లేసియల్ ఎసిటిక్ ఆమ్లం ఫ్లాష్ పాయింట్ సుమారు 40 డిగ్రీలే. 70 డిగ్రీల ద్రవంలో అది పడితే ముక్కుపుటాలు అదిరే ఆవిరి లేస్తుంది, తటస్థీకరణ వేడి దానికి తోడవుతుంది. ముందు నీరు, అందులో ఆమ్లం, ఆఖరున అమైన్.

పావుగంట కలిపాక పలుచని పాల రంగు ద్రావణం రావాలి, తేలే గడ్డలు ఉండకూడదు. పీహెచ్ 5, 6 మధ్య ఉంటే సరిపోయినట్టే. చల్లారితే చిక్కబడి గడ్డ కడుతుంది, మళ్లీ వెచ్చబెడితే దారికొస్తుంది. దీన్ని పదింతలు పల్చన చేస్తే మొదట చెప్పిన రేకు ప్రయోగానికి సరిపోతుంది.

ఎంత కలిపినా పాలు విరిగినట్టు తరకలు కడుతోందా? బకెట్టు వాసన చూడండి. డిటర్జెంటు పొడితో కడిగి సరిగా తొలచలేదన్నమాట. డిటర్జెంటు రుణావేశం, ఇది ధనావేశం. రెండూ ఒకదాన్నొకటి పట్టుకుని అడుగున కూర్చుంటాయి.

ఏడో మెట్టు: బాయిలరులో

ఆవిరి నీరై తిరిగొచ్చే కండెన్సేట్ గొట్టాలను కార్బన్ డయాక్సైడు, ఆక్సిజన్ తినేస్తాయి. స్టియరిల్ అమైన్ గొట్టం లోపలి గోడను పట్టుకుని, చేమాకు పొర వేస్తుంది. బాయిలర్లలోనే వాడే మార్ఫోలిన్, సైక్లోహెక్సిలమైన్‌ల పని వేరు. అవి ఆమ్లాన్ని తటస్థం చేస్తాయి, పొర వేయవు. ఒకటి ఉంటే రెండోది అక్కర్లేదనుకోవడం పొరపాటు.

తిరిగొచ్చే నీటిలో లీటరుకు అర నుంచి ఒక మిల్లీగ్రాము మిగిలితే సాధారణంగా చాలు. పాత బాయిలరులో అయితే అందులో చిన్న వంతుతో మొదలుపెట్టి వారాల మీద పెంచండి. అమైన్ పాత తుప్పు కిందికి చేరి దాన్ని ఊడదీస్తుంది. కొన్నాళ్లు కండెన్సేట్ ఎర్రమట్టి నీళ్లలా వస్తుంది. ఆ నీటిని బాయిలరుకు తిప్పకుండా బయటికి పోగొట్టాలి. నీటిని శుద్ధి చేసే రెజిన్లు ఉంటే నీరు వాటిలోకి వెళ్లకుండా దారి మళ్లించాలి, లేకపోతే తల వెళ్లి రెజిన్‌ను పట్టుకుంటుంది. మోతాదు ఎక్కువైతే తుప్పు, అమైన్ కలిసి జిగురు ఉండలవుతాయి. ఒక యూనిట్లో మూసుకుపోయిన స్టీమ్ ట్రాప్ (ఆవిరిని ఆపి నీటిని వదిలే వాల్వు) విప్పితే ఉడికిన సగ్గుబియ్యానికి ఇటుకపొడి అద్దినట్టున్న ముద్ద గుప్పెడు వచ్చింది. ఆపరేటరు ఆదివారం మోతాదు కూడా శనివారమే వేసి వెళ్లాడు.

ఆవిరి ఆహారానికి తగిలే చోట హద్దు ఉంది. అమెరికా ఆహార, ఔషధ సంస్థ నియమం ప్రకారం ఆవిరిలో ఇది పది లక్షల భాగాల్లో 3 భాగాలకు మించకూడదు. పాలు, పాల పదార్థాలకు తగిలే ఆవిరిలో అసలు వాడకూడదు. డెయిరీలకు ఈ మందు వద్దని దీనర్థం. ఇడ్లీలు నేరుగా ఆవిరిలో ఉడికే హాస్టలు బాయిలరులో కూడా నేనైతే వేయను. రోజూ మోతాదు కొలిచే మనిషి అక్కడ ఉండడు.

ఎనిమిదో మెట్టు: ఒంటి మీద పడితే

ఆమ్లం పడితే వెంటనే చురుక్కుమంటుంది. అమైన్ అలా కాదు. వేళ్ల మధ్య సబ్బులా జారుతుంది, కాసేపటి దాకా నొప్పి తెలియదు. ఆ నిశ్శబ్దమే మోసం.

కంట్లో పడితే రెప్పలు విప్పి పట్టుకుని కనీసం పదిహేను నిమిషాలు ధారగా నీటితో కడగండి, కడుగుతూ ఉండగానే ఇంకొకరు 108కు ఫోను చేయాలి. క్షారం కదా అని వెనిగరుతో, నిమ్మరసంతో కడగవద్దు. చర్మం మీద పడితే తడిసిన బట్టలు తీసేసి సబ్బుతో, ధారాళంగా నీటితో కడగాలి. జిడ్డు పోవడానికి కిరోసిన్‌తోనో థిన్నరుతోనో తుడిచే అలవాటు వర్క్‌షాపుల్లో ఉంది. అది జిడ్డును కరిగించి ఇంకా లోపలికి దింపుతుంది. కరిగిన అమైన్ పడి చర్మానికి అంటుకుంటే పీకవద్దు, తోలు ఊడివస్తుంది. ఇరవై నిమిషాలు పారే నీటి కింద చల్లబరచి ఆసుపత్రికి తీసుకెళ్లండి. మింగితే వాంతి చేయించకూడదు. పైకి వచ్చేటప్పుడే ఊపిరితిత్తుల్లోకి జారుతుంది. భద్రతా పత్రం కాపీ డాక్టరు చేతిలో పెట్టండి, అది మాటలకంటే వేగంగా పనిచేస్తుంది.

మంటలు లేస్తే నురుగు, కార్బన్ డయాక్సైడు, పొడి వాడాలి. మండే కరిగిన అమైన్ మీదికి నీటి ధార కొట్టవద్దు, ఎగిరిపడుతుంది. పొగలో నైట్రోజన్ ఆక్సైడ్లు ఉంటాయి కాబట్టి గాలి వీచి వచ్చే వైపున నిలబడండి.

తొమ్మిదో మెట్టు: ఒలికింది, మిగిలింది

కరిగిన అమైన్ ఒలికితే కాస్త ఆగండి, అదే గడ్డకడుతుంది. చుట్టూ ఇసుక గట్టు వేసి, గట్టిపడ్డాక ప్లాస్టిక్ పారతో గీకి మూత ఉన్న పీపాలో వేయండి. వేడినీళ్లతో మురుగు కాలువలోకి నెట్టడం సులువే. కానీ చేప మొప్పల ఉపరితలం కూడా రుణావేశం ఉన్నదే, తలకు అంతకంటే అనువైన చోటు లేదు. వ్యర్థజల శుద్ధి ప్లాంటులోకి కొద్ది కొద్దిగా వెళితే అక్కడి సూక్ష్మజీవులు దీన్ని తినేస్తాయి. ఒకేసారి బకెట్టెడు పోస్తే సూక్ష్మజీవులే చనిపోతాయి, ప్లాంటు మళ్లీ కోలుకునేదాకా నల్లని నీళ్లే.

గీకిన చెత్త, వాడిన చేతితొడుగులు, తుడిచిన గుడ్డలు 2016 ప్రమాదకర వ్యర్థాల నియమాల కిందికి వస్తాయి. తొంభై రోజులకు మించి ఆవరణలో ఉంచుకోకూడదు. మేనిఫెస్టు (వ్యర్థం ఎక్కడి నుంచి ఎక్కడికి వెళుతోందో తెలిపే పత్రం) రాసి దుండిగల్‌కో పరవాడకో, మీకు అనుమతి ఉన్న శుద్ధి కేంద్రానికి పంపాలి.

ఖాళీ పీపాలు కూడా అదే నియమాల జాబితాలో 33.1 వర్గం కిందికి వస్తాయి. అయినా అందరూ తేలిగ్గా తీసుకునేది వీటినే. పాత సామాను వ్యాపారి గేటు దగ్గరికే వచ్చి మంచి ధర చెబుతాడు. అక్కడి నుంచి అవి ఊళ్లలో మంచినీళ్ల తొట్లవుతాయి, పెళ్లి వంటల దగ్గర నిలబడతాయి. లోపలి గోడకు పట్టిన పొర మామూలుగా కడిగితే పోదు, పట్టుకోవడమే దాని గుణం. మా దగ్గర ఖాళీ పీపా స్టోరుకు తిరిగి వచ్చిన రోజే, లోపలి అడుగు బాగా గీకేశాక, పక్కన రెండు చోట్ల, అడుగున ఒక చోట ఉలితో బెజ్జం కొట్టి, బిరడా తీసి పడేసి, ఆ తర్వాతే రిజిస్టరులో రాస్తాం.